బెన్ చే జోలపాట, కోనసీమ లాలిపాట: ఏడో నెలలో ఒక సందేహం

కోనసీమ_సైగాన్ (చర్చ ప్రారంభించినవారు)

అందరికీ నమస్కారం. మాది అమలాపురం దగ్గర ఒక పల్లె. ఆరేళ్లుగా హో చి మిన్ నగరంలో ఉద్యోగం చేస్తున్నాను. ఇక్కడివాళ్లు ఇప్పటికీ సైగాన్ అనే అంటారు కనుక నేనూ అలాగే రాస్తాను. నా భార్య పుట్టిల్లు బెన్ చే. మెకాంగ్ నది సముద్రంలో కలిసేచోట, పాయల మధ్య ఉన్న కొబ్బరి సీమ అది. 2025 జులైలో దేశంలోని ప్రావిన్సులను కలిపేసినప్పుడు అది విన్ లాంగ్‌లో చేరింది గాని, మా అత్తగారికి ఊరి పేరు బెన్ చేనే. మొదటిసారి వాళ్లింటికి వెళ్లిన రోజు, కాలవ గట్టున ఒక మనిషి నేలలో పాతిన ఇనుప మొన మీద కాయను గుచ్చి, మూడు తిప్పుల్లో పీచు ఒలిచి పక్కకు విసరడం చూసి, మా నాన్నగారి దగ్గర ఒలుపు పనికి వచ్చేవాళ్లు గుర్తొచ్చి చాలాసేపు అక్కడే నిలబడిపోయాను.

ఇప్పుడు మా ఆవిడకు ఏడో నెల. అత్తగారు ఊరినుంచి వచ్చి, మా ఫ్లాటులో ముందుగదిలో ఇనుప చట్రానికి ఉయ్యాల మంచం కట్టారు. మధ్యాహ్నం భోజనాలయ్యాక మా ఆవిడ అందులో పడుకుంటే, ఆవిడ పక్కన పీట వేసుకుని కూర్చుని, కాలి బొటనవేలితో ఉయ్యాల ఊపుతూ, కడుపులోని బిడ్డకు పాడుతున్నారు. 'ఔ... ఓ...' అని మొదలుపెట్టి చాలాసేపు సాగదీస్తారు. ఆ పాటలో ఒక వంతెన ఉంది. పలకలు పరిచి మేకులు కొట్టిన వంతెన ఒకటి, ఊగిపోతూ నడవడానికి కష్టమైన వెదురు వంతెన మరొకటి. నడవలేని చోట అమ్మ చేయి పట్టుకుని దాటిస్తుంది, బిడ్డ బడికి వెళ్తుంది, అమ్మ బతుకు అనే బడికి వెళ్తుంది. మా ఆవిడ అర్థం చెప్పినప్పుడు నాకు మాట రాలేదు.

నా సందేహం ఏమిటంటే, ఆ వరస పట్టుకుని నేర్చుకుందామని మూడు రోజులు ఫోనులో రికార్డు చేశాను. కాని చరణం మారిన ప్రతిసారీ వరస కొంచెం మారిపోతోంది. అత్తగారిని అడిగితే "మాట ఎటు పోతే పాట అటు పోతుంది" అన్నారు. ఇది ఎలా సాధ్యం? రెండో సంగతి: బిడ్డ పుట్టేలోపు నేను కూడా ఒక్క తెలుగు పాటైనా రోజూ పాడాలనుకుంటున్నాను. నాకు సంగీతం రాదు. రెండు భాషల పాటలు కలిస్తే బిడ్డకు తికమక అవుతుందా? తెలిసినవాళ్లు చెప్పగలరు.

శుద్ధసావేరి

శుభాకాంక్షలు. నేను విజయవాడలో వీణ నేర్పుతాను. వియత్నాం సంగీతం మీద ఆసక్తితో కొన్నేళ్లుగా వింటున్నాను కనుక మొదటి ప్రశ్నకు నాకు తెలిసినంత చెప్తాను.

మీ అత్తగారు ఒక్క వాక్యంలో శాస్త్రమంతా చెప్పేశారు. వియత్నామీ భాషలో ప్రతి అక్షరానికీ ఒక స్వరభేదం ఉంటుంది. ఉత్తరాది ఉచ్చారణలో అవి ఆరు, మీ అత్తగారి దక్షిణాదిలో రెండు కలిసిపోయి ఐదు వినిపిస్తాయి. 'మ' అనే ఒకే మాటను సమంగా పలికితే దయ్యం, పైకి లేపితే అమ్మ, కిందికి దించితే 'కాని', మరోలా విరిస్తే సమాధి, ఇంకోలా గుర్రం, గొంతు నొక్కి కిందకు పడేస్తే వరి నారు. అటువంటి భాషలో పాడేవాళ్లు మాటను తమ ఇష్టం వచ్చిన స్వరం మీద పెట్టలేరు. పైకి లేవాల్సిన మాటను కింది స్వరం మీద పెడితే అర్థమే చెడుతుంది. అందుచేత జోలపాటకు గట్టిగా బిగించిన వరస ఉండదు. ఒక స్వరాల చట్రం ఉంటుంది, దాని లోపల ఏ స్వరం మీద ఆగాలో, ఎక్కడ జారాలో మాటలే నిర్ణయిస్తాయి. మన తెలుగులో ఈ నిర్బంధం లేదు. పైగా మన మాటలు అచ్చులతో ముగుస్తాయి కనుక ఎంతసేపైనా సాగదీయవచ్చు. వాళ్లకు చాలా మాటలు 'ప్', 'త్', 'క్' అని టక్కున తెగిపోతాయి. అందుకే 'ఔ', 'ఓ', 'ఆ' వంటి అర్థం లేని అచ్చులను మధ్యలో పోసి పాటను పారిస్తారు. మీరు విన్న ఆ సాగదీత ఊరికే అలంకారం కాదు, పాట ఊపిరి పీల్చుకునే చోటు అది.

ఇంకో ముచ్చట. నేను ఇక్కడ ఈ పేరు ఎందుకు పెట్టుకున్నానో ఇప్పుడు చెప్పే సందర్భం వచ్చింది. వాళ్ల స్వరాల పేర్లు హో, సు, సాంగ్, సే, కోంగ్. వాళ్లు 'బాక్' అనే ఉల్లాసపు బాణీలో వీటిని మెట్లుగా పెడితే మనకు స, రి, మ, ప, ధ వస్తాయి, అంటే మన శుద్ధసావేరి రాగం. మొదటిసారి విన్నప్పుడు నేను వీణ తీసి వెంటనే సరిచూసుకున్నాను. అయితే 'నామ్' అనే దిగులు బాణీల్లో అవే పేర్లతో ఉన్న స్వరాల్లో కొన్ని స్థానం మారుతాయి. మనకు ఒకే 'రి' రాగాన్ని బట్టి శుద్ధమో చతుశ్శ్రుతో అయినట్టే. దక్షిణాది జోలపాటల్లో ఎక్కువగా ఆ దిగులు ఛాయే వినిపిస్తుంది. మీ రికార్డింగు పంపితే చట్రం ఏమిటో రాసి ఇస్తాను.

పశ్చిమసరస్సు

నేను పదకొండేళ్లుగా హనోయిలో ఉంటున్నాను, ఇద్దరు పిల్లలూ ఇక్కడే పుట్టారు. మాది గుంటూరు. ఉత్తరాదిలో జోలపాట 'ఆ ఓయ్' అని మొదలవుతుంది. ఎక్కువ పాటలు 'లూక్ బాత్' అనే ఛందస్సులో ఉంటాయి. అంటే ఒక పాదానికి ఆరు అక్షరాలు, తరువాతి పాదానికి ఎనిమిది. ఆరో అక్షరానికి కింది పాదంలో ఆరో అక్షరంతో అంత్యప్రాస కుదరాలి, ఎనిమిదో అక్షరానికి మళ్లీ ఆ తరువాతి పాదంలో ఆరోదానితో. అలా ప్రాస ఒక పాదంనుంచి మరో పాదానికి గొలుసులా అల్లుకుపోతుంది కనుక ఎక్కడా ఆపబుద్ధి కాదు, బిడ్డ నిద్రపోయేదాకా పాడుతూనే పోవచ్చు. న్గుయెన్ జూ రాసిన 'కియెవ్ కథ' 3,254 పాదాల కావ్యం, అదీ ఈ ఛందస్సులోనే ఉంది. చదువు రాని అవ్వలు సైతం దానిలోని పాదాలను జోలపాటగా పాడేవారు. పోతన పద్యాలు మన ముసలివాళ్ల నోట ఎలా నిలిచాయో అలాగే.

నేను పెద్దపాపను కడుపుతో ఉన్నప్పుడు మా ఇంటి యజమానురాలు ఒక కొంగ పాట పాడేది. రాత్రిపూట మేతకు వెళ్లిన కొంగ, మెత్తటి కొమ్మ మీద వాలి, తలకిందులుగా చెరువులో పడుతుంది. "అయ్యా, నన్ను పైకి తీయండి. నా మనసులో కపటం ఉంటే నన్ను వెదురు మొలకలతో వండుకోండి. వండితే తేట నీళ్లలో వండండి, బురద నీళ్లలో వండకండి, నా కూన మనసు నొచ్చుకుంటుంది" అంటుంది. అర్థం తెలిసిన రోజు ఇంత దుఃఖపు పాట గర్భిణి ముందు పాడతారా అని నొచ్చుకున్నాను. ఆమె నెమ్మదిగా చెప్పింది: రాత్రిపూట కూడా పిల్లల కోసం పనికి వెళ్లే తల్లి కథ అది, చనిపోయేటప్పుడు కూడా ఆమె అడిగేది పిల్లల ముందు తన పేరు శుభ్రంగా ఉండాలని మాత్రమే. ఆ తర్వాత నేనే రోజూ అడిగి పాడించుకున్నాను.

ఒక జాగ్రత్త చెప్పాలి. ఇక్కడ కడుపులోని బిడ్డనుగాని, పుట్టిన బిడ్డనుగాని నేరుగా మెచ్చుకోకూడదు. "ఎంత బొద్దుగా ఉందో" అనాలనుకుంటే ముందు 'చోమ్ వియా' అనాలి, మనం "నా దిష్టే తగిలేను" అనుకున్నట్టు. అందుకే పిల్లలకు ఇంట్లో ముద్దుపేరుగా పనికిరాని పేర్లు పెడతారు. మా అబ్బాయి పేరు ఇక్కడి అమ్మమ్మల నోట 'కూన్'. దాని అర్థం కుక్కపిల్ల. మన 'కూన'లాగే వినిపించడం యాదృచ్ఛికమే అయినా, మా అమ్మ ఫోనులో ఆ పేరు విని "మనవాళ్లే" అంది. మన పుల్లయ్యలు, పెంటయ్యలు ఇదే భయం నుంచి పుట్టిన పేర్లు కదా.

చదువరి_తెనాలి

కొంగ పాట చదివి చాలాసేపు ఆలోచించాను. ఒక భిన్నాభిప్రాయం గౌరవంగా చెప్పనివ్వండి. బిడ్డ పెరిగేది సైగాన్‌లో. బడి వియత్నామీలోనో ఇంగ్లీషులోనో ఉంటుంది. తండ్రి ఒక్కడే పాడే ఒక్క తెలుగు పాట వల్ల భాష నిలుస్తుందా? పాట కంటే రోజూ తెలుగులో మాట్లాడటం ముఖ్యమని నా నమ్మకం. మా అన్నయ్య పిల్లలు డాలస్‌లో పుట్టారు. లాలిపాటలు అన్నీ విన్నారు, ఇప్పుడు వరసలు వస్తాయి గాని మాటలు రావు. పాట పాడి బాధ్యత తీరిందనుకునే ప్రమాదం ఉందని మాత్రమే చెప్తున్నాను.

ప్రసూతి_వైద్యురాలు

నేను వరంగల్‌లో ప్రసూతి వైద్యం చేస్తాను. రెండు సంగతులు చెప్పాలి.

మొదటిది వినికిడి గురించి. దాదాపు 24, 25 వారాలకు బిడ్డ లోపలి చెవి పనిచేయడం మొదలుపెడుతుంది. ఏడో నెలకు శబ్దాలకు స్పష్టంగా స్పందిస్తుంది. అయితే ఉమ్మనీరు, కడుపు గోడ దాటి లోపలికి వెళ్లేవి ముఖ్యంగా కింది స్థాయి శబ్దాలు. హల్లులు మసకబారిపోతాయి, స్వరపు ఎత్తుపల్లాలు, లయ మాత్రం చేరతాయి. అంటే బిడ్డ ముందు నేర్చుకునేది భాష రాగాన్ని. 2009లో జర్మనీ పరిశోధకులు 30 మంది ఫ్రెంచి శిశువులు, 30 మంది జర్మన్ శిశువుల ఏడుపులు పోల్చి చూస్తే, పుట్టిన కొద్ది రోజులకే ఫ్రెంచి పిల్లల ఏడుపు పైకి లేస్తూ, జర్మన్ పిల్లల ఏడుపు కిందికి దిగుతూ ఉంది, వాళ్ల వాళ్ల తల్లుల మాటతీరులాగే. తరువాత మాండరిన్ మాట్లాడే తల్లుల పిల్లల ఏడుపులో స్వరపు ఎగుడుదిగుళ్లు ఇంకా ఎక్కువని కూడా చూపించారు. కాబట్టి రెండు భాషల పాటలు వింటే తికమక ఏమీ ఉండదు. తల్లి గొంతు ఎముకల ద్వారా కూడా చేరుతుంది కనుక అందరికంటే బాగా వినిపించేది ఆమె గొంతే. మీ గొంతు వినిపించాలంటే దగ్గరగా కూర్చుని మామూలు స్థాయిలో పాడండి చాలు. పొట్టకు హెడ్‌ఫోన్లు తగిలించి పెద్ద శబ్దంతో వినిపించవద్దు.

చదువరి గారు చెప్పిన మాట నిజమే. అయినా పాట ఒక తలుపు. తలుపు తీసినవాళ్లే గదిలోకి వెళ్తారు.

రెండోది కాన్పు తర్వాతి సంగతి. బాలింత మంచం కింద నిప్పుల కుంపటి పెట్టే అలవాటు దక్షిణ వియత్నాంలో ఉంది. మన పల్లెల్లోనూ ఉంది. మూసిన గదిలో బొగ్గు మండితే కార్బన్ మోనాక్సైడ్ వస్తుంది, దానికి వాసన ఉండదు, తల్లికీ బిడ్డకీ ప్రాణం మీదకు వస్తుంది. దయచేసి ఆ ఒక్కటీ వద్దని చెప్పండి. మిగతావాటిలో చాలా వరకు హాని లేదు. వెచ్చగా ఉండనివ్వండి, విశ్రాంతి తీసుకోనివ్వండి. స్నానం మానిపించకండి, నీళ్లు తగ్గించకండి, ఉప్పు కూరలు మాత్రమే పెట్టకండి.

వంశధార

నాకు 71 ఏళ్లు, మాది శ్రీకాకుళం వైపు. మనవరాలు చదివి వినిపిస్తే నేను చెప్తుంటే తను రాస్తోంది.

కుంపటి మాట చదివి ఆశ్చర్యపోయాను. మా అత్తగారు నన్ను ఆరో రోజు దాకా కుంపటి పక్కనే పడుకోబెట్టారు. చెవుల్లో దూది పెట్టి, తలకు గుడ్డ కట్టి, సాంబ్రాణి పొగ వేసి, కాయం తినిపించారు. అన్నంలో వెల్లుల్లి కారం, పాలు పడాలని సొర పిట్టు. ఆ దేశంలో ఏం పెడతారు బాబూ? చెప్పు. డాక్టరమ్మ చెప్పినట్టు కుంపటి వద్దు తల్లీ, మా కాలంలో గోడలు బెత్తెడు సందులతో ఉండేవి, గాలి ఆడేది. మీ ఫ్లాటుల్లో అలా కాదు.

పాట సంగతి. కొంగ పాట వినగానే ఆ అమ్మాయి ఎందుకు బాధపడిందో నాకు తెలుసు, ఆ ఇంటావిడ ఎందుకు పాడిందో కూడా తెలుసు. ఆడదానికి తన కష్టం చెప్పుకోవడానికి జోలపాట ఒక్కటే చోటు. అత్త వింటుంది, మొగుడు వింటాడు, కాని పసిబిడ్డకు పాడుతున్నప్పుడు ఎవరూ తప్పు పట్టరు. మా అమ్మ నన్ను ఊపుతూ తన పుట్టింటి చెరువును, తమ్ముడిని, రాని బండిని పాడేది. బిడ్డకు మాట తెలియదు, అందుకే బిడ్డకే చెప్పుకునేది. మీ అత్తగారిని ఒకసారి అడుగు, ఆ వెదురు వంతెన ఏ ఊళ్లోదో.

శుద్ధసావేరి

వంశధార గారి మాటకు చేతులు జోడిస్తున్నాను. చదువరి గారికి ఒక ఉదాహరణ చెప్పాలనిపించింది. వియత్నాం సంగీతాన్ని ప్రపంచానికి పరిచయం చేసిన పండితుడు ట్రాన్ వాన్ ఖే 1921లో మెకాంగ్ సీమలో, వాద్యకారుల కుటుంబంలో పుట్టారు. 1958లో పారిస్‌లో డాక్టరేటు అందుకుని, దశాబ్దాలపాటు అక్కడే బోధించి, చివరికి సైగాన్ చేరి 2015లో కన్నుమూశారు. తన సంగీతం ఎక్కడ మొదలైందో ఆయన తరచుగా చెప్పుకునేవారు: తల్లి కడుపుతో ఉన్నప్పుడు మేనమామ రోజూ ఆమె దగ్గర కూర్చుని తన కోసం వేణువు ఊదేవాడని. దీనిని వాళ్లు 'థాయ్ యావ్' అంటారు, గర్భస్థ శిక్షణ అని అర్థం. లీలావతి కడుపులో ఉండి నారదుడి మాటలు విన్న ప్రహ్లాదుడి కథ చిన్నప్పటినుంచి వింటున్న మనకు ఇది పరాయి ఊహ కాదు. మన సీమంతంలో కూడా, ఆపస్తంబ గృహ్యసూత్రం ప్రకారం, వీణతో గాథ పాడేవాళ్లను "పాడండి" అని అడగాలి. ఇప్పుడు మనం గాజులు తొడుగుతున్నాం, వీణను మరిచిపోయాం. సీమంతానికి పిలిస్తే వీణ పట్టుకుని వచ్చేదాన్నే, దూరమైపోయారు.

కోనసీమ గారి రికార్డింగు అందింది, మూడుసార్లు విన్నాను. చట్రంలో నాలుగే స్వరాలు గట్టిగా నిలుస్తున్నాయి, ఐదోది జారుడులో మాత్రమే తాకి పోతోంది. రెండో స్వరాన్ని మీ అత్తగారు ఊపుతున్న తీరు మన కంపిత గమకానికి చాలా దగ్గరగా ఉంది. వాళ్ల దక్షిణాది వాద్యకారులు గిటారు మెట్ల మధ్య చెక్కను లోతుగా తొలిచి, తీగను అదిమితే స్వరం వంగేలా చేసుకున్నారు, ఈ ఊపు కోసమే. మన వీణ మెట్లు మైనం మీద ఎత్తుగా నిలబెట్టడానికి కారణమూ అదే.

పశ్చిమసరస్సు

స్వరాన్ని వంచడం అంటే నాకు ఒంటితీగ 'డాన్ బౌ' గుర్తొస్తుంది. తీగ ఒక్కటే. కుడి చేతిలో వెదురు పుల్ల, అరచేతి అంచు తీగను తాకీ తాకనట్టు ఉంటుంది. ఎడమ చేతితో సన్నటి కడ్డీని లాగితే, వదిలితే, స్వరం మనిషి గొంతులా వంగుతుంది. "ఆడపిల్లగా పుట్టినందుకు డాన్ బౌ వినకు" అని ఇక్కడ సామెత, వింటే మనసు నిలవదని. నేను ఎనిమిదో నెలలో మొదటిసారి దగ్గరగా విన్నాను. వాయించే పెద్దాయన నా కడుపు చూసి, పుల్ల పక్కన పెట్టి, "ఈ పాట వద్దు, వేరేది వాయిస్తాను" అని తేలికైన వరస ఒకటి వాయించాడు. ఆయన పేరు కూడా అడగలేదు.

వంశధార గారు అడిగారు కనుక: ఇక్కడ పాలు పడటానికి పచ్చి బొప్పాయి వేసి పంది కాళ్ల పులుసు కాస్తారు. నేను మాంసం తినను గనక నాకు బొప్పాయి, పెసరపప్పు కాచి ఇచ్చారు. నెల నిండిన రోజు పన్నెండుగురు 'బా మూ'లకు, అంటే బిడ్డను మలిచే మంత్రసాని దేవతలకు, పన్నెండు చిన్న గిన్నెల్లో నైవేద్యం పెడతారు. దక్షిణాదిలో ఆడపిల్ల అయితే అల్లం పాకంలో తేలే ఉండలు పెట్టడం ఆనవాయితీ. లోపల పెసరపప్పు పూర్ణం ఉంటుంది, చూస్తే మన ఉండ్రాళ్లే అనుకుంటారు. ఏడాది నిండినప్పుడు 'థోయ్ నోయ్', ఉయ్యాల విడిచే పండుగ. ఆ రోజు బిడ్డ ముందు పుస్తకం, కలం, అద్దం, కత్తెర వంటివి పెట్టి ఏది పట్టుకుంటుందో చూస్తారు. మన అన్నప్రాశనలో చేసేదే.

నిరీక్షణ

ఇక్కడ ఎప్పుడూ రాయలేదు, చదువుతూ ఉంటాను. మాది నెల్లూరు. మాకు పెళ్లయి తొమ్మిదేళ్లు. ఇప్పుడు మా ఆవిడకు నాలుగో నెల. ఇన్నేళ్లలో మేం విన్న మాటలు ఇక్కడ రాయలేను. మా ఇంట్లో పెద్దవాళ్లే ఒకప్పుడు నన్ను పక్కకు పిలిచి "ఇంకో ఆలోచన చెయ్" అన్నారు.

దక్షిణ వియత్నాం సంగీతం అనగానే నాకు ఒక కథ గుర్తొచ్చింది. అక్కడి వాద్యకారుడు కావ్ వాన్ లౌ, బాక్ లియు ఊరివాడు. పెళ్లయి మూడేళ్లయినా పిల్లలు కలగలేదని ఇంట్లోవాళ్లు భార్యను పంపించేయమన్నారట. విడిపోయిన ఆ దుఃఖంలో, సుమారు 1919లో, రాత్రి భేరీ మోగితే భర్త కోసం ఎదురుచూసే భార్య గొంతుతో ఆయన ఒక పాట కట్టాడు. ఆ పాటే తరువాత రెండు మాత్రల నుంచి నాలుగు, ఎనిమిది, పదహారు, ముప్ఫైరెండు మాత్రల వరకు విస్తరించి దక్షిణాది నాటకాలకు ప్రాణమైంది. ఆ పాట పుట్టిన దక్షిణాది సంగీత సంప్రదాయాన్ని 2013లో యునెస్కో గుర్తించింది. ఆ దంపతులు మళ్లీ కలిశారనీ, పిల్లలు కూడా పుట్టారనీ చెప్తారు. మా ఆవిడా నేనూ దీన్ని ఒక రాత్రి కలిసి విన్నాం. భాష తెలియదు. వినడం అయ్యాక ఇద్దరం ఏమీ మాట్లాడుకోలేదు, ఆమె నా చేయి మాత్రం వదల్లేదు. నేను పెద్దవాళ్లకు ఇచ్చిన జవాబు ఆమెకు ఎప్పుడూ చెప్పలేదు, ఆ రాత్రి చెప్పాను.

ఇప్పటివరకు ఇంట్లో పసిబట్ట ఒక్కటి కూడా కొనలేదు. భయం. నాలుగో నెలలో పాడటం తొందరపాటు అవుతుందా, డాక్టరుగారూ?

ప్రసూతి_వైద్యురాలు

నిరీక్షణ గారూ, తొందరపాటు కాదు. బిడ్డకు ఇంకా వినపడకపోవచ్చు. మీ ఆవిడకు వినపడుతుంది కదా, ఇప్పుడు కావలసింది ఆమెకే. మీ భయం సహజం, నా దగ్గరకు వచ్చేవాళ్లలో చాలామంది ఇలాగే చెప్తారు. పరీక్షలు వేళకు చేయించుకుంటూ ఉండండి.

వంశధార

నాయనా, బట్టలు కొననక్కరలేదు. పసిబిడ్డకు మొదట వేసేది పాత బట్టే. ఆరోగ్యంగా పెరిగిన బిడ్డ ఉన్న ఇంట్లో అడిగి తెచ్చుకో. మెత్తగా ఉంటుంది, దిష్టీ తగలదు. ఆ పాట కట్టినాయన భార్యకు నా నమస్కారం. నీ భార్యకు నా ఆశీస్సులు చెప్పు.

చదువరి_తెనాలి

నేను ముందు రాసినదాన్ని కొంచెం మార్చుకుంటున్నాను. మా అన్నయ్య పిల్లల్లో పెద్దది పోయిన ఏడాది మా అమ్మ చనిపోయినప్పుడు ఫోనులో ఏడుస్తూ, మాటలు తెలియక, అమ్మ పాడే లాలి వరసను కూనిరాగంగా తీసింది. ఆ సంగతి నేను మరిచిపోయి రాశాను. మాటలు నేర్పాలన్న నా అభిప్రాయం మాత్రం అలాగే ఉంది, కోనసీమ గారు రెండూ చేయాలి.

కోనసీమ_సైగాన్

మూడు వారాల తరువాత వస్తున్నాను, ఆలస్యానికి మన్నించండి. అందరికీ వరసగా చెప్తాను.

వంశధార గారూ, అత్తగారిని అడిగాను. ఆవిడ చాలాసేపు చేతిలోని తమలపాకు మడుస్తూ ఉండిపోయారు. అది వాళ్ల ఊరి కాలవ మీద ఉండిన ఒంటి వెదురు వంతెన, పట్టుకోవడానికి పక్కన ఇంకో వెదురు మాత్రమే ఉండేదట. మా ఆవిడను ఎత్తుకుని రోజుకు రెండుసార్లు దాటేవారట. ఇప్పుడు అక్కడ సిమెంటు వంతెన ఉంది, నేను దాని మీద మోటారుసైకిలు నడిపాను కూడా. నాకెవరూ చెప్పలేదు.

కుంపటి మాట కష్టంగానే ఒప్పుకున్నారు. డాక్టరుగారు రాసినదాన్ని మా ఆవిడ అనువదించి చదివి వినిపిస్తే, రబ్బరు సంచిలో వేడినీళ్లు పోసి కాపడం పెడతానని సర్దుకున్నారు. పసిబట్టల దగ్గర మాత్రం గొడవే లేదు. వాళ్లూ గట్టిగా పెరిగిన పిల్లల పాత బట్టలే అడిగి తెస్తారట. మా మేనల్లుడి చొక్కాలు, మా అమ్మ కట్టి మెత్తబడిన రెండు నూలు చీరలు పార్సిలులో వచ్చాయి.

సీమంతం ఫ్లాటులోనే చేశాం. మా అమ్మ వీడియోలో మంత్రంలాగా ఒక్కొక్కటీ చెప్తుంటే, అత్తగారు గాజులు తొడిగారు. శుద్ధసావేరి గారు వీణ వాయించి పంపిన నాలుగు నిమిషాలు స్పీకరులో పెట్టాం, శబ్దం తగ్గించే పెట్టాం. తరువాత అమ్మ లాలి అందుకుంది. రెండో చరణం దగ్గర గొంతు పట్టేసి ఆగితే, నేను అందుకున్నాను. శ్రుతి తప్పిందని నాకు తెలుసు, అయినా ఆపలేదు. ఆ మాటలేమీ అర్థంకాని అత్తగారు, నేను పాదం చివర ఆగిన ప్రతిచోటా 'ఔ... ఓ...' అని కింది స్వరంలో కలిపారు. మా ఆవిడ నా చేయి తీసి కడుపు మీద కుడివైపు పెట్టింది. అక్కడ ఒక మడమ అంత గట్టి ముద్ద నెమ్మదిగా పైనుంచి కిందికి జరిగింది.

దక్షిణాదిలో ఇంటి మొదటి బిడ్డను 'హాయ్' అంటారు, రెండు అని అర్థం. మా ఆవిడ కూడా వాళ్లింట్లో 'హాయ్'. పుట్టబోయేదానికి ముద్దుపేరు ఇంకా కుదరలేదు. పశ్చిమసరస్సు గారు చెప్పిన 'కూన్' అత్తగారికి నచ్చింది, మా అమ్మకు మరీ నచ్చింది.

చదువరి గారూ, రోజూ ఆఫీసు నుంచి వచ్చాక చొక్కా మార్చుకునే లోపు ఆ రోజు జరిగినదంతా తెలుగులో కడుపు దగ్గర చెప్తున్నాను. నిన్న కరెంటు బిల్లు గురించి చెప్పాను. నిరీక్షణ గారూ, అయిదో నెల రాగానే ఇక్కడ రాయండి, ఎదురుచూస్తుంటాం.

అమ్మ చీరలు అత్తగారు వేడినీళ్లలో ఉతికి, ఒకటి నాలుగు ముక్కలు చేశారు. రెండోదాన్ని చింపకుండా, మడతపెట్టి, ఉయ్యాల మంచం మీద పరిచి ఉంచారు.

నిరీక్షణ

అయిదో నెల వచ్చింది. ఈ ఉదయం స్కానింగులో అంతా బాగుందన్నారు. పక్కింటివాళ్ల బాబు చొక్కా ఒకటి మా ఆవిడ తనే అడిగి తెచ్చుకుంది.